బస్సు ఆగని చోట బస్సు సీటు

మా పెద్దమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు పద్నాలుగో నంబరు బస్సులో కండక్టరుగా పనిచేసి, యాభై ఎనిమిదో ఏట రిటైరయింది. మర్నాడు పొద్దున మా పెదనాన్న టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళితే, ఆవిడ గది మధ్యలో కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక చేత్తో అటక అంచు పట్టుకుని నిలబడి ఉందట.

"కూర్చోవచ్చుగా" అన్నాడాయన.

"అలవాటు లేదు" అంది.

పెదనాన్న దర్జీ. ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషను పెట్టుకుని, ఏళ్ళ తరబడి పగలంతా నోరు మెదపకుండా పనిచేసుకున్న మనిషి. పొద్దున ఆరింటికి పెళ్ళాం డ్యూటీకి వెళ్ళిందంటే మళ్ళీ సాయంత్రం వరకు ఆ ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడుండేది కాదు. అలాంటి ఇంట్లో ఇప్పుడు పెద్దమ్మ గుమ్మం దగ్గర నిలబడి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళని సర్దడం మొదలుపెట్టింది. "లోపలికి జరగండి, లోపల ఖాళీగా ఉంది. గుమ్మంలో నిలబడొద్దు. ముందు బయటికొచ్చేవాళ్ళని రానివ్వండి." ఆ సమయంలో గదిలో ఉన్నది ఇద్దరే. కొలతలిచ్చిన తర్వాత కాసేపు కబుర్లు చెబుదామని కూర్చున్న పెద్దమనిషిని, "మీ పని అయిపోయిందిగా, ఇంకా కూర్చున్నారేం?" అని లేపి పంపించింది. ఆయన మళ్ళీ రాలేదు. పదిరోజులు గడిచేసరికి పెదనాన్న చేతికొలతలు కూడా తప్పు రాయసాగాడు.

అలాంటి రోజుల్లోనే లైబ్రరీ కిటికీలకు కర్టెన్లు కుట్టాల్సి వచ్చి, కొలతల కోసం అక్కడికి వెళ్ళిన పెదనాన్న కంట గోడమీది కాగితం ఒకటి పడింది. "బాలికల సేవా బృందానికి నాయకురాలు కావలెను. జీతం లేదు. ఓపిక ఉండవలెను." ఓపిక అన్న మాట దగ్గర ఆయన కాసేపు తటపటాయించాడు గానీ, దరఖాస్తు మాత్రం అక్కడే నింపేసి ఇంటికి తెచ్చాడు.

"నాకు పిల్లలంటే పడదని మీకు తెలుసుగా?" అంది పెద్దమ్మ.

"తెలుసు."

"మరి?"

"వాళ్ళకి తెలీదుగా" అన్నాడు పెదనాన్న. సంతకం పెట్టించాడు.

ఆ బృందంలో నేనూ ఒకదాన్ని. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. మొత్తం తొమ్మిదిమందిమి. ప్రతి శనివారం మూడింటికి లైబ్రరీ వెనకగదిలో కలిసేవాళ్ళం. అంతకుముందు మా నాయకురాలు ఒక సంగీతం టీచరు. మంచి మనిషి, గట్టిగా మాట్లాడితే తనకే తలనొప్పి వచ్చేది. ఆవిడ దగ్గర మేం రెండేళ్ళపాటు చేసిన సేవ ఏమిటంటే చార్టులు గీయడం. "చెట్లను కాపాడండి" అని నలభై పెద్ద కాగితాలమీద రాసి ఆ గది గోడలకే అంటించాం. పెళ్ళయి ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోతుంటే అందరం ఏడ్చి, ఆవిడకి కూడా ఒక చార్టే ఇచ్చాం.

పెద్దమ్మ మొదటి శనివారం సరిగ్గా మూడింటికి వచ్చింది. గుమ్మంలో నిలబడి వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టింది. "తొమ్మిది. ఇంకెవరైనా ఉన్నారా?" అంది. "రైట్" అని తలుపేసి గడియ పెట్టింది.

రెండు నిమిషాలకి ఎవరో తలుపు కొట్టారు.

"టైము దాటింది. వచ్చే వారం రండి" అంది లోపలినుంచే.

"అమ్మా, నేను లైబ్రేరియన్ని. మిమ్మల్ని పిల్లలకి పరిచయం చెయ్యడానికి..."

"అయిపోయింది పరిచయం."

మా లైబ్రేరియన్ గారు కాగితం లేనిదే గాలి కూడా పీల్చని మనిషి. పాపం, పరిచయ వాక్యాలు కూడా రాసుకునే వచ్చారు. కిటికీలోంచి వాటిని లోపలికందించి వెళ్ళిపోయారు. పెద్దమ్మ వాటిని చదవకుండా మా చార్టులవైపు తిరిగింది. నలభైనీ ఒక్కొక్కటిగా చూసింది.

"వీటివల్ల ఎన్ని చెట్లు మిగిలాయి?" అంది.

మాలో ఒకమ్మాయి ఉండేది. ఏం చెప్పినా "ఎందుకు?" అనేది కాబట్టి దాని పేరు ఎప్పుడో మరుగున పడిపోయి అందరం "ఎందుకు" అనే పిలిచేవాళ్ళం. అది లేచి, "ఎందుకు మిగలాలండీ? ఇక్కడ అసలు చెట్లే లేవుగా" అంది. పెద్దమ్మ దాన్ని తేరిపార చూసింది. ఆ చూపులో నచ్చడం ఉందో నచ్చకపోవడం ఉందో మాకు అర్థం కాలేదు.

నేను అలవాటు కొద్దీ "పెద్దమ్మా!" అన్నాను. "ఇక్కడ నీకు నేను పెద్దమ్మని కాదు" అని కసిరింది. ఆ మాట నాతోనే అంది కాబట్టి తమకి వర్తించదని మిగతా ఎనిమిదిమందీ తేల్చేసుకున్నారు. ఆ రోజునుంచి అందరూ పెద్దమ్మా అనే పిలిచారు. నేనొక్కదాన్నే అండీ అనాల్సి వచ్చింది.

మా మొదటి పని ఆసుపత్రిలో. ఊరి ఆసుపత్రి కొండమీద ఉంది. సెలవురోజు పొద్దున అక్కడికి వచ్చే పెద్దవాళ్ళకి చీటీలు నింపిపెట్టాలని మాకు చెప్పారు. మేం వెళ్ళేసరికి హాలు నిండా జనం. ఒకే కిటికీమీద అందరూ పడుతున్నారు. చీటీలు నింపుతున్న మా చేతులు నలిగిపోతున్నాయి. పెద్దమ్మ కాసేపు గోడకానుకుని ఓర్చుకుంది. ఆ ఓర్పు రెండు నిమిషాలుంది.

"హోల్డాన్!" అని ఒక్క కేక పెట్టింది. హాలంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. దగ్గుతున్నాయన కూడా ఆగిపోయాడు. "చంటిపిల్లల తల్లులు ఇటు. కర్ర పట్టుకున్నవాళ్ళు కిటికీ పక్క కుర్చీల్లో. తోడుగా వచ్చినవాళ్ళు బయట, మీకేం రోగం లేదుగా. ఒకరి వెనక ఒకరు, రాసుకోకుండా, తోసుకోకుండా." ఇరవై నిమిషాల్లో వరస నూలుపోగు పట్టినట్టు తయారైంది. పదిన్నరకల్లా హాలు ఖాళీ. రోజూ పన్నెండు దాటితే గానీ తల ఎత్తని డాక్టరు గారు పదిన్నరకి బయటికొచ్చి, ఖాళీ కుర్చీలు చూసి కంగారుపడ్డారు.

"ఏమైందయ్యా? అందరూ ఎక్కడికి పోయారు?"

"చూసేశారు సార్ అందర్నీ" అన్నాడు కాంపౌండరు.

"ఎవరు?"

"మీరే సార్."

ఆ వారం లైబ్రరీకి రెండు ఉత్తరాలు వచ్చాయి. ప్రతి వారం మమ్మల్ని పంపమని డాక్టరు గారిది ఒకటి. ఇంకెప్పుడూ పంపొద్దని కాంపౌండరుది ఇంకొకటి. లైబ్రేరియన్ గారు రెండింటినీ ఒకే ఫైల్లో పెట్టి తాడు కట్టారు.

ఆసుపత్రికి వెళ్ళిన రెండో వారంలో "ఎందుకు" నర్సు గారి పక్కన చేరింది. నర్సు గారు వచ్చినవాళ్ళకి వచ్చినట్టు బీపీ చూసి, "ఎక్కువుంది, ఎక్కువుంది" అంటున్నారు.

"అందరికీ ఎందుకు ఎక్కువుందండీ?"

"కొండెక్కి వస్తున్నారుగా పాపా. మధ్యలో పది నిమిషాలు కూర్చునే చోటుంటే వీళ్ళలో సగంమందికి ఏ జబ్బూ ఉండదు."

నిజమే. పద్నాలుగో నంబరు బస్సు కింద మార్కెట్టు దగ్గర బయలుదేరి కొండరోడ్డుమీదుగానే పోతుంది. ఆసుపత్రి సందు ఆ రోడ్డుకి సగంలో, ఒక మలుపు దగ్గరుంది. కానీ బస్సు అక్కడ ఆగదు. ఆగేది బాగా పైన, నీళ్ళ ట్యాంకు దగ్గర. అక్కడ దిగితే మళ్ళీ అంత దూరం వెనక్కి దిగి రావాలి. దానికన్నా మార్కెట్టునుంచి నడవడమే నయమని జనం రొప్పుతూ రోజుతూ ఎక్కేవాళ్ళు. సందులో ఉండే ఇళ్ళవాళ్ళదీ అదే అవస్థ.

ఏం చెయ్యాలో వాళ్ళనే అడుగుదామని "ఎందుకు" అంది. కాబట్టి తర్వాతి శనివారం మేం తొమ్మిదిమందిమీ నోటుపుస్తకాలు పట్టుకుని మలుపు దగ్గర నిలబడ్డాం. రోడ్డుకి అటువైపు పెద్దమ్మ గొడుగేసుకుని నిలబడి, "ఎండలో ఉన్నారు, నీడకి జరగండి, జరగండి" అంటూ ఉంది. మేం పదిహేడుమందిని ఆపి అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాం. రాసుకుంటూనే ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

వారం తిరిగాక మళ్ళీ లైబ్రరీ వెనకగదిలో కూర్చున్నాం. లైబ్రేరియన్ గారు కూడా ఈసారి రెండింబావుకే వచ్చి లోపల కూర్చున్నారు. చదవడానికి గంట లేచింది. గంట అంటే మాలో అందరికన్నా పెద్ద గొంతున్న అమ్మాయి. రహస్యం చెప్పినా పక్కవీధికి వినిపించేది.

"ఒకటో జవాబు. గుండీలు అమ్మే మామ్మ గారు. 'ఈ బస్సులో ఒక కండక్టరు ఉండేది. వట్టి...'" అని ఆగిపోయింది.

"ఆగావేం?" అంది పెద్దమ్మ.

"అక్షరం సరిగ్గా కనపడట్లేదు పెద్దమ్మా."

"బాగానే కనపడుతోంది. నాకు ఇక్కణ్ణించే కనపడుతోంది. చదువు."

గంట చేతనైనంత చిన్నగా చదివింది. అయినా లైబ్రరీలో చదువుకుంటున్నవాళ్ళందరికీ వినపడింది. "'వట్టి రాక్షసి. రెండు చేతుల్లో సంచులున్నాయి తల్లీ, ఈ మలుపులో ఒక్క క్షణం ఆపమ్మా అంటే, ఇక్కడ స్టాపు లేదు అని ట్యాంకు దాకా లాక్కుపోయేది. ఇరవై ఏళ్ళు ఆ సంచులు మోసుకుని వెనక్కి దిగాను.'"

రెండో జవాబు, "ఆ రాక్షసి ఉన్నన్నాళ్ళూ." మూడో జవాబు, "ఆవిడ విజిల్ గుర్తొస్తే ఇప్పటికీ మోకాళ్ళు వణుకుతాయి." ఐదో జవాబు ఇచ్చినాయన, "మా ఆవిడకి కూడా నేనంత భయపడలేదు" అన్నాడు. లైబ్రేరియన్ గారు తన చేతిలో కాగితం ఏదీ లేకపోయినా కిందకే చూస్తున్నారు.

చదవడం అయిపోయింది. పెద్దమ్మ మొహంలో కదలిక లేదు.

"ఎంతమంది అన్నారు?"

"పదకొండుమంది, పెద్దమ్మా."

"పదిహేడుమందిలోనా? మిగతా ఆరుగురు?"

గంట పుస్తకం తిరగేసింది. "వాళ్ళు ఈ ఊరికి కొత్తట."

ఆ సాయంత్రం అమ్మ ఏదో ఇచ్చి రమ్మంటే పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. పెదనాన్న ఆ దృశ్యం చూసి మిషను ఆపేసి, "ఒంట్లో ఎలా ఉంది? డాక్టర్ని పిలవనా?" అని చుట్టూ తిరుగుతున్నాడు.

"మలుపులో ఆపితే వెనకనుంచి లారీలొచ్చి గుద్దుతాయి. అందుకే ఆపకూడదని రూలు" అంది పెద్దమ్మ. "ఆ రూలు నేను పెట్టానా?"

"నువ్వు పెట్టలేదు."

"మరి నేనేం తప్పు చేశాను?"

పెదనాన్న మిషను దగ్గరికి తిరిగి వెళ్ళి కూర్చున్నాడు. "డ్రైవరు ఒకసారి అన్నాడుగా, లారీలు లేనప్పుడైనా ఆపుదామని."

ఆ డ్రైవరుతో ఆవిడ ఇరవై రెండేళ్ళు పనిచేసింది. ఆ మలుపు దగ్గర అతను బ్రేకుమీద కాలు వేసినప్పుడల్లా ఆవిడ విజిల్ ఊదేది. ఆ గొడవ ముదిరి ముదిరి, చివరి ఆరేళ్ళూ ఇద్దరికీ మాటల్లేవు. ఒకటి ఊదితే ఆపు, రెండు ఊదితే పోనీ. అంతే, ఆరేళ్ళ సంభాషణ అది.

ఆ తర్వాతి శనివారం ఆవిడ రాగానే, "మలుపులో బెంచీ వేస్తున్నాం" అంది. ఎందుకని "ఎందుకు" కూడా అడగలేదు.

బెంచీ ఎక్కడ దొరుకుతుంది? పెద్దమ్మ మమ్మల్ని వరసగా నడిపించుకుంటూ బస్సు డిపోకి తీసుకెళ్ళింది. డిపో మేనేజరు గారు ఆవిణ్ణి చూడగానే కుర్చీలోంచి లేచి, వెంటనే ఎందుకు లేచానా అనుకుని మళ్ళీ కూర్చున్నారు.

"ఒక సీటు కావాలి" అంది పెద్దమ్మ.

"సీటా? దేనికి?"

"కూర్చోడానికి."

ఆయన చేత్తోనే వెనకవైపు చూపించారు. డిపో వెనక తుక్కు పోసేచోట పాత బస్సులు తుప్పు పట్టి పడున్నాయి. పెద్దమ్మ వాటి మధ్య తిరిగి, వెనక తలుపు సొట్టను బట్టి తన పాత బస్సుని పట్టేసింది. అందులోంచి ముగ్గురు కూర్చునే సీటు ఒకటి విప్పించింది. మేం తొమ్మిదిమందిమీ దాన్ని చీమలు బెల్లంముక్కని మోసినట్టు మోసుకొచ్చాం. దారంతా గంట "పక్కకి తప్పుకోండి" అని అరిచింది. తప్పుకోనివాళ్ళు లేరు.

చిరిగిపోయిన సీటుకి కొత్త తొడుగు కుట్టే పని పెదనాన్న మీద పడింది. పెద్దమ్మ ఇంట్లో లేని శనివారాలు ఆయనకి కొత్త ప్రాణం పోశాయేమో, రెక్సిన్ గుడ్డతో పెళ్ళికోటు కుట్టినంత శ్రద్ధగా కుట్టాడు. అతుకు కనపడదు, ముడత లేదు. అలవాటు కొద్దీ కుడిపక్క ఒక జేబు కూడా పెట్టాడు.

"సీటుకి జేబేంటండీ?" అంది పెద్దమ్మ.

"ఉండనీ. ఎవరికైనా పనికొస్తుంది" అన్నాడు సిగ్గుపడుతూ. తర్వాత్తర్వాత ఆ జేబులో ఊరివాళ్ళ పోయిన కళ్ళజోళ్ళూ మందుల చీటీలూ అన్నీ దొరికేవి.

గంట వాళ్ళ నాన్న తాపీమేస్త్రీ. ఆయన వచ్చి సీటు కాళ్ళు సిమెంటుతో భూమిలో దిగ్గొట్టాడు. మేం ఇనుముకి ఆకుపచ్చ రంగు వేశాం. మా బట్టలకి కూడా కొంత వేశాం. సాయంత్రానికి మలుపులో కొత్త సీటు పెళ్ళికూతురిలా కూర్చుంది.

ఇక అక్కణ్ణించి మొదలైంది తంటా. నడిచి నడిచి అలిసినవాళ్ళు కాసేపు కూర్చుని లేచి వెళ్తారని కదా మేం వేసింది. కానీ బస్సు సీటు చూస్తే మనుషులకి ఏం గుర్తొస్తుంది? బస్సే. సోమవారం పొద్దున ముగ్గురు అక్కడ కూర్చుని బస్సు కోసం ఎదురుచూశారు. బస్సు రాగానే లేచి చేతులెత్తారు. డ్రైవరు ఎవరో తెలిసినవాళ్ళు పలకరిస్తున్నారనుకుని, తనూ చెయ్యూపి నవ్వి వెళ్ళిపోయాడు. మంగళవారం ఏడుగురు. అతను మళ్ళీ చెయ్యూపాడు. శుక్రవారానికి ఇరవైమంది చేరి, చెయ్యూపుతున్న మనిషిని నానా మాటలూ అన్నారు.

ఆ పై వారం డిపోనుంచి లైబ్రరీకి నోటీసు వచ్చింది. "అనుమతి లేకుండా బస్టాపు నిర్మించిన బాలికలు పదిహేను రోజులలో దానిని తొలగించవలెను." లైబ్రేరియన్ గారి మొహం పాలిపోయింది. తన ఉద్యోగంలో ఆయన అందుకున్న మొదటి నోటీసు అది. పాపం, దాన్ని పెట్టడానికి ఫైలు కూడా లేదు.

"పీకేద్దామమ్మా" అన్నారు.

"సిమెంటు వేశాం" అంది పెద్దమ్మ. మమ్మల్ని వెంటబెట్టుకుని మార్కెట్టు దగ్గరికి బయలుదేరింది.

పద్నాలుగో నంబరు అక్కడ ఆగి ఉంది. డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. బక్కపల్చటి మనిషి, నెరిసిన మీసాలు. పెద్దమ్మని చూసి మీసాలు సర్దుకున్నాడు. ఆరేళ్ళ మౌనం తర్వాత ఎవరు ముందు నోరు తెరుస్తారా అని మేం ఊపిరి బిగబట్టాం.

"ఆ మలుపులో కాస్త ఆపు" అంది పెద్దమ్మ.

"అక్కడ స్టాపు లేదు కండక్టరమ్మా."

"నాకు తెలీదా?"

"తెలుసు. మీరు చెప్తేనే నాకూ తెలిసింది. ఇరవై రెండేళ్ళు చెప్పారు. బ్రేకుమీద కాలు ఆనించానో లేదో, చెవిలో విజిల్. ఇప్పుడు మీరు బస్సులో లేకపోయినా ఆ మలుపు రాగానే నా కాలు దానంతటదే పైకి లేచిపోతోంది. నన్నేం చెయ్యమంటారు?"

పెద్దమ్మ బస్సు చక్రం వైపు చూస్తూ, "తప్పు నాదే" అంది.

డ్రైవరు చెయ్యి జారి హారన్ మోగింది. మార్కెట్టులో సగంమంది ఉలిక్కిపడ్డారు.

"ఏమన్నారూ? మళ్ళీ చెప్పండి."

"ఒకసారి చెప్పాను చాలు."

"ఇంజను మోతలో వినపడలేదండీ."

"ఇంజను ఆపే ఉంది."

అతను కిటికీలోంచి తల బయటపెట్టి, ఇంజను వైపు అనుమానంగా చూసి, నవ్వాడు. పళ్ళు రెండు లేవు. "చూడండి, రిటైరవడానికి నాకింకా ఏడాదుంది. కాగితం లేకుండా ఆపితే నన్ను ఇంటికి పంపుతారు. కానీ ఒక మాట. ఆ మలుపు పక్కన ఎప్పట్నించో రాళ్ళూ మట్టీ గుట్టగా పడున్నాయి. అవి తీసేస్తే బస్సు రోడ్డు దిగి పక్కకి ఆగొచ్చు. వెనక లారీలకి అడ్డం ఉండదు. అప్పుడు మేనేజరు కాదనడానికి కారణం ఉండదు. ఎంతమంది ఎక్కుతారో లెక్క మాత్రం అడుగుతాడు."

"ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది పెద్దమ్మ.

"విజిల్ ఊదుతుంటే ఎలా చెప్పను?"

మూడు శనివారాలు రాళ్ళు మోశాం. తట్టలు తాపీమేస్త్రీ ఇచ్చాడు, చేతులు మావి. మిగతా రోజుల్లో బడికి వెళ్ళేముందు ఇద్దరిద్దరం మలుపులో నిలబడి, బస్సు కోసం చెయ్యెత్తినవాళ్ళని నోటుపుస్తకంలో రాసుకున్నాం. చెయ్యెత్తినవాళ్ళని ఒకసారి, తిట్టినవాళ్ళని ఇంకోసారి గంట లెక్కేసిందని ఆలస్యంగా తెలిసి, మొత్తం మళ్ళీ మొదలుపెట్టాం.

మూడో శనివారం మధ్యాహ్నం గుండీల మామ్మ సంచులతో వచ్చి సీటుమీద కూలబడింది. మార్కెట్టులో ఆవిడ గుండీలూ దారాలూ అమ్ముతుంది. పెదనాన్న కొనేది కూడా ఆవిడ దగ్గరే. పెద్దమ్మ చేతులకంటిన మట్టి దులుపుకుని, వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. మేం తట్టలు కిందపెట్టి చెవులు నిక్కబొడుచుకున్నాం.

"మామ్మగారూ, మీరు మా పిల్లలకి చెప్పిన ఆ రాక్షసిని నేనేనండీ."

"తెలుసు" అంది మామ్మ.

"తెలుసా!"

"గొడుగు అడ్డం పెట్టుకుంటే గొంతు దాగుతుందటే? రోడ్డుకి అటునుంచి జరగండి, జరగండి అంటూనే ఉన్నావు. అందుకే నీక్కూడా వినపడాలని గట్టిగా చెప్పాను."

పెద్దమ్మ తల దించుకుంది. "మీరొక్కరే అయితే ఏదోలే అనుకునేదాన్ని. పదకొండుమంది అన్నారు."

"మిగతా పదిమందికీ చెప్పమన్నది నేనే" అంది మామ్మ, సంచి సర్దుకుంటూ. "మలుపు కింద నిలబడి, పైన నోటుపుస్తకాలతో పిల్లలున్నారు, అడిగితే ఇలా చెప్పండని వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చెప్పి పంపాను. ఇంకా చాలామందికి చెప్పేదాన్నే గానీ, కొట్టు తెరవాల్సిన టైమైంది."

పెద్దమ్మ నోటివెంట ఒక వింత చప్పుడొచ్చింది. దగ్గేమోనని "ఎందుకు" నీళ్ళ సీసా పట్టుకుని పరిగెత్తింది. కాదు, నవ్వు. నేను పుట్టినప్పట్నించీ ఆవిడ నవ్వగా వినలేదు. బాగా పాత తలుపు తెరిచినట్టుంది. మామ్మ కూడా అందుకుంది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊగిపోతుంటే, ఆ దారిన పోయేవాళ్ళు సీటు విరిగిందేమోనని ఆగి చూశారు.

"అయితే వాళ్ళకి మోకాళ్ళు వణకడం అబద్ధమేనా?" అంది పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"అది నిజమే" అంది మామ్మ. "మాటలే నావి. మోకాళ్ళు వాళ్ళవే."

లెక్కలు పట్టుకుని మళ్ళీ డిపోకి వెళ్ళాం. మేనేజరు గారు కుదరదన్నారు. "ఎందుకు కుదరదండీ?" అని అడిగింది మా "ఎందుకు". మలుపులో జాగా లేదన్నారు. రాళ్ళు తీసేశాం అన్నాం. ఎక్కేవాళ్ళు లేరన్నారు. నోటుపుస్తకం ముందు పెట్టాం. ఒక్క నిమిషం ఆగితే బస్సు ఆలస్యమవుతుందన్నారు. "ఎందుకవుతుందండీ? ట్యాంకు దగ్గర ఐదు నిమిషాలు ఆగుతుంది కదా, అక్కడ నాలుగు ఆగితే?" అంది. ఆయన సమాధానం కోసం పెద్దమ్మవైపు చూశారు. పెద్దమ్మ గోడమీది గడియారం చూస్తోంది. చివరికి ఆయన స్వయంగా వచ్చి చూస్తానన్నారు. వచ్చారు. టేపు పట్టుకుని కొలిచారు. జేబున్న సీటుమీద కూర్చుని, జేబులో చెయ్యి పెట్టి, ఎవరిదో కళ్ళజోడు తీసి చూసి, మళ్ళీ పెట్టేశారు. లేచి వెళ్ళిపోయారు.

నాలుగు నెలలకి కాగితం వచ్చింది. ఆ కాగితం కోసం లైబ్రేరియన్ గారు ఒక కొత్త ఫైలు కొన్నారు.

మొదటిసారి బస్సు ఆగిన రోజు మలుపంతా జనం. డ్రైవరు రోడ్డు దిగి, మేం శుభ్రం చేసిన జాగాలో గీత గీసినట్టు బస్సు ఆపాడు. మామ్మ సంచులతో అందరికన్నా ముందు ఎక్కి, ఎక్కడానికి పట్టినదానికన్నా ఎక్కువసేపు మెట్టుమీద నిలబడి అందర్నీ చూసింది. కొత్త కండక్టరు పిల్ల "లోపలికి జరగండమ్మా" అని బతిమాలింది. పేపరు విలేకరి ఒకాయన వచ్చి, ఈ ఆలోచన ఎలా వచ్చిందని పెద్దమ్మని అడిగాడు. పెద్దమ్మ మమ్మల్ని ముందుకు తోసి, "వీళ్ళనడగండి" అని పక్కకి తప్పుకుంది. మేం తొమ్మిదిమందిమీ ఒకేసారి చెప్పాం. ఆయనకి గంట చెప్పింది మాత్రమే వినపడింది. మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు పడ్డాయి. ఫొటో కూడా పడింది. అందులో స్పష్టంగా కనిపించేది ఫైలు పట్టుకున్న లైబ్రేరియన్ గారు ఒక్కరే. మా తలల్లో సగం ఆయన భుజం వెనక ఉన్నాయి.

ఆ వార్త చూసి కొత్త పిల్లలు వచ్చారు. తర్వాతి శనివారానికి ఇరవై ఇద్దరమయ్యాం. వెనకగదిలో ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చోవాల్సి వచ్చింది. పెద్దమ్మ పెదనాన్న దగ్గర కొలతల టేపు తెచ్చుకుని, లైబ్రేరియన్ గారి గదికి వెళ్ళింది. ఆయన బల్ల వెనక కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. పెద్దమ్మ ఆ బల్లకి టేపు పెట్టి కొలిచింది.

"ఇది మూడున్నర అడుగులే. వరండాలో పడుతుంది" అంది టేపు చుట్టుకుంటూ.

ఆయన కళ్ళజోడు తీసి, "ఏది పడుతుందమ్మా?" అన్నారు.

అప్పటికే గంట అవతల పక్క పట్టుకుని ఎత్తుతోంది.